గుండెకు మేలు చేసే మొక్కల పదార్థాలు: మన వంటింట్లో ఏది ఎంత, ఎలా తినాలి

పుంటికూర ఎరుపులో, పల్లీల పొట్టులో, బత్తాయి తొనల మీది తెల్లని పొరలో, తైదల ముదురు రంగులో గుండెకు పనికొచ్చే పదార్థాలున్నాయి. పాలీఫినాల్స్, లిగ్నాన్లు, నైట్రేట్లు, స్టెరాల్స్, కరిగే పీచు అని వాటికి పేర్లు. నల్లగొండలోనో పాలమూరులోనో ఉండేవాళ్ళు వీటి కోసం డబ్బాల్లో వచ్చే ఖరీదైన పొడులు కొనక్కర్లేదు. అంగట్లో దొరికేవి చాలు. చిక్కల్లా ఒక్కటే: వీటిలో చాలా భాగాన్ని మనమే పొట్టుతో, పిప్పితో, ఉడికించిన నీళ్ళతో బయట పారేస్తున్నాం. మిగిలినదాని మీద ఉప్పు, నూనె గుమ్మరిస్తున్నాం. ముందు సరిచేయాల్సింది అది.

మొదలుపెట్టే ముందు ఎంత ఫలితం ఆశించవచ్చో తెలుసుకోండి. రోజూ ఒక గిన్నెడు ఉడికిన పప్పుదినుసులు తింటే చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, సుమారు 5 శాతం తగ్గుతుంది. మొక్కల స్టెరాల్స్ రోజుకు 2 గ్రాములు అందితే 8 నుంచి 10 శాతం తగ్గుతుంది కానీ, మామూలు తిండిలో అంత మోతాదు రాదు. డాక్టర్ రాసే స్టాటిన్ గోలీ 30 నుంచి 50 శాతం తగ్గిస్తుంది. కాబట్టి గోలీ వాడుతున్నవాళ్ళు ఈ తిండిని దాని పక్కన చేర్చుకోవాలి, దాని స్థానంలో కాదు.

ముందు కొలతలు

ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకు పల్లె దవాఖానలో, బస్తీ దవాఖానలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ఒకసారి రక్తంలోని కొవ్వులను చూసే లిపిడ్ ప్రొఫైల్ పరీక్ష కూడా చేయించుకోండి. మంచి కొలెస్ట్రాల్ మగవాళ్ళకు 40 కన్నా, ఆడవాళ్ళకు 50 కన్నా తగ్గకూడదు. నడుము చుట్టుకొలత మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. ఇంట్లో బీపీ చూసుకునేవాళ్ళు వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. అంతకు ముందు అరగంటలో టీ, బీడీ ఉండకూడదు. ఇంటి కొలత పదేపదే 135/85 దాటుతుంటే డాక్టర్‌కు చూపించాలి.

వాడుతున్న గోలీలన్నిటి పేర్లూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. కింద కొన్నిచోట్ల ఆ కాగితంతో పని ఉంది.

ఆకుకూరలు: నీళ్ళు పారబోయకండి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్ళు రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు తినాలి. అందులో 100 గ్రాములు ఆకుకూర అయితే బాగుంటుంది. తక్కెడ లేకపోతే తరిగిన పచ్చి ఆకు దోసిలితో రెండుసార్లు తీసుకోండి. ఉడికాక అది చిన్న గరిటెడే అవుతుంది, చూసి నిరుత్సాహపడొద్దు.

తోటకూర, పాలకూరల్లో నైట్రేట్లు ఎక్కువ. నాలుక మీద ఉండే బాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తుంది. తర్వాత ఒంట్లో అది నైట్రిక్ ఆక్సైడ్ అయి రక్తనాళాలను వదులు చేస్తుంది. ఈ పదార్థం నీళ్ళలో ఇట్టే కరిగిపోతుంది. అందుకే ఆకును కోశాక కడగకండి, కడిగాక కోయండి. గిన్నెనిండా నీళ్ళు పోసి ఉడికించి వంపేస్తే నైట్రేటూ పొటాషియమూ ఆ నీళ్ళతోనే పోతాయి. కడిగిన తడితోనే మూతపెట్టి సన్నని మంట మీద మగ్గనివ్వండి, లేదా పప్పులో వేసేయండి. ఇంకో సంగతి: బాక్టీరియాను చంపే మౌత్‌వాష్ రోజూ పుక్కిలించేవాళ్ళలో ఈ మార్పు సరిగ్గా జరగదు. డాక్టర్ చెప్పకపోతే దాన్ని మానేసి, బ్రష్‌తో సరిపెట్టుకోండి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు మాత్రం పద్ధతి తిరగబడుతుంది. వాళ్ళకు పొటాషియం తగ్గాలి కాబట్టి ఉడికించి నీళ్ళు వంపేయడమే సరైనది. కిడ్నీలో రాళ్ళు వచ్చినవాళ్ళు కూడా పాలకూర, చుక్కకూర, గంగవాయిలి కూరలను అలాగే ఉడికించి వంపి, తక్కువగా తినాలి. వాటిలో రాళ్ళకు కారణమయ్యే ఆక్సలేట్లు ఎక్కువ.

గంగవాయిలి కూరను చాలామంది చేనిలో కలుపు అని పీకేస్తారు. ఆకుకూరల్లో ఒమేగా-3 అనే మంచి కొవ్వు బాగా ఎక్కువున్నవాటిలో ఇది ఒకటి. వానాకాలంలో పప్పులో వేసి వండితే చాలు. మందు కొట్టిన చేనిలోది మాత్రం తెచ్చుకోవద్దు.

ఎర్ర పుంటికూర కాడల్లో, కాయల చుట్టూ ఉండే కండగల ఎర్ర తొడుగుల్లో ఆ ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు ఉంటాయి. ఈ తొడుగుల కషాయాన్ని బీపీ కొద్దిగా ఎక్కువున్న 65 మంది మీద అమెరికాలో పరీక్షించారు, 2010లో ఫలితాలు వచ్చాయి. రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు తాగినవాళ్ళలో పై బీపీ సగటున 7 పాయింట్లు తగ్గింది. చేసే పద్ధతి: తొడుగులు విప్పి, గింజ కాయ తీసేసి, నీడన గలగలలాడేలా ఎండబెట్టాలి. కప్పు మరిగిన నీళ్ళలో గ్రామున్నర లోపు వేసి, ఆరు నిమిషాలు మూతపెట్టి వడకట్టాలి. చక్కెర వద్దు. పులుపు కాబట్టి అల్యూమినియం గిన్నె వాడొద్దు. తాగాక నోరు మంచినీళ్ళతో పుక్కిలిస్తే పళ్ళకు మంచిది. బీపీ గోలీలు వాడేవాళ్ళు రోజుకు ఒక కప్పుతో మొదలుపెట్టి, లేచినప్పుడు కళ్ళు తిరుగుతున్నాయేమో చూసుకోవాలి. గర్భిణులు దీన్ని మానేయడం మేలు.

పుంటికూర నిల్వ పచ్చడి మీద ఈ లెక్క పెట్టుకోకండి. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే తలకొట్టిన ఒక చిన్న చెంచా. పచ్చడి, అప్పడం, మజ్జిగ మిరపకాయ ఒకే పూట పళ్ళెంలోకి వస్తే ఆ చెంచాలో పెద్ద వాటా అక్కడే అయిపోతుంది. పుంటికూరను ఏ పూటకాపూట పప్పులో వండుకోండి.

బత్తాయి తినాలి, పిండకూడదు

నల్లగొండ బత్తాయికి పేరున్న జిల్లా. ఆ పండులో గుండెకు పనికొచ్చే ముఖ్యమైన పదార్థం హెస్పెరిడిన్. అది రసంలో కన్నా తొనల పొరల్లో, తొక్క లోపలి తెల్లటి మెత్తటి భాగంలో ఎక్కువ. రోడ్డు పక్క జ్యూస్ బండి దగ్గర పారేసే పిప్పిలోనే అది పోతుంది. గ్లాసుకు మూడు నాలుగు పండ్ల చక్కెర, పైన ఇంకో చెంచా చక్కెర, మనకు దక్కేది అది. పండు పై తొక్క తీశాక తెల్లటి భాగాన్ని గోటితో శుభ్రంగా గీకేయకండి, కొంత ఉంచి తొనలను పొరతో సహా నమలండి. రోజుకు ఒకటి చాలు. జామ, నేరేడు, ఉసిరి ఏ కాలానికి ఆ కాలం మార్చుకుంటూ ఉండండి. షుగర్ ఉన్నవాళ్ళు బాలానగర్ సీతాఫలం విషయంలో సగంతో ఆగాలి.

పంపరపనస సంగతి వేరు. అందులోని ఫ్యూరానోకౌమరిన్లు కొన్ని గోలీలను ఒంట్లో విరగనివ్వవు. అటోర్వాస్టాటిన్, సింవాస్టాటిన్, నిఫెడిపిన్ వాడేవాళ్ళు ఆ పండు ముట్టకపోవడం మంచిది. బత్తాయితో ఆ ఇబ్బంది లేదు.

పల్లీలు, అవిసెలు, నువ్వులు

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు పల్లీలకు కొదవ లేదు. ఎర్ర పొట్టు నలిపి ఊదేయడం మన అలవాటు. పాలీఫినాల్స్ ఉండేది ఆ పొట్టులోనే. ఉప్పు లేకుండా సన్నని సెగ మీద వేయించి, పొట్టుతోనే గుప్పెడు, అంటే 30 గ్రాములు తినండి. దానికి మించితే నూనె, కేలరీలు పెరుగుతాయి. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయాలి. వాటిలో ఉండే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం వేయిస్తే పోదు, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

అవిసె గింజల్లో మూడు రకాల సరుకుంది: ఒమేగా-3, కరిగే పీచు, లిగ్నాన్లు. కాళ్ళ రక్తనాళాలు పూడిన రోగులు రోజుకు 30 గ్రాముల అవిసె పిండి ఆరు నెలలు తింటే పై బీపీ దాదాపు 10 పాయింట్లు తక్కువగా ఉన్నట్టు 2013లో వచ్చిన కెనడా పరిశోధన చెప్పింది. మామూలు మనిషికి అంత తేడా రాకపోవచ్చు. ఇంటి వాడకానికి రోజుకు ఒక పెద్ద చెంచా సరిపోతుంది. గింజ గింజగా మింగితే అరగకుండానే బయటికి పోతుంది, దంచాల్సిందే. కారం పొడి ఇలా చేయండి:

అవిసెలు 100 గ్రాములు, నువ్వులు 50 గ్రాములు, ఎండు మిరపకాయలు ఐదారు, జీలకర్ర చెంచా, వెల్లుల్లి ఎనిమిది రెబ్బలు, ఉప్పు అర చిన్న చెంచా. అవిసెలను సన్నని సెగ మీద చిటపటలాడేదాకా వేయించి వెంటనే పళ్ళెంలోకి తీయాలి. రంగు మారేదాకా ఉంచితే చేదెక్కుతుంది. నువ్వులు, మిరపకాయలు, జీలకర్ర విడివిడిగా వేయించాలి. అన్నీ పూర్తిగా చల్లారాకే దంచాలి, వేడి మీద మిక్సీలో వేస్తే నూనె ఊరి ముద్దవుతుంది. వెల్లుల్లి చివర్లో వేయండి. గాజు సీసాలో, ఎండాకాలమైతే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు వారాల్లోపు అయిపోయేలా చూసుకోండి. పెయింట్ డబ్బా మూత తీసినట్టు వాసన వచ్చిందంటే నూనె మక్కిపోయినట్టు, పారబోయండి. మొదటి వారం చిన్న చెంచాతోనే మొదలుపెట్టి, నీళ్ళు బాగా తాగాలి, లేకపోతే కడుపు ఉబ్బరిస్తుంది. ఆ జిగురు గోలీలను పట్టి ఉంచుతుంది కాబట్టి మందులకూ దీనికీ గంట రెండు గంటల ఎడం ఉండాలి.

నూనె ఏదైనా మనిషికి రోజుకు 27 గ్రాములే హద్దు. నలుగురున్న ఇంట్లో నెలకు మూడున్నర లీటర్లు దాటితే ఎక్కువైనట్టే. పల్లి నూనె, నువ్వుల నూనె, కుసుమ నూనె మార్చి మార్చి వాడుకోవచ్చు. నువ్వుల నూనెలో సెసమిన్ అనే లిగ్నాన్ ఉంది. మిర్చీలు కాల్చిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచి వాడితే ఏ నూనెలోని మేలూ మిగలదు.

జొన్న, తైదలు, పప్పుదినుసులు

రెండు పూటల అన్నంలో ఒక పూట జొన్న రొట్టె చేయండి. పిండి జల్లించకండి. తైదల పాలీఫినాల్స్ గింజ పై పొరలోనే ఉంటాయి, మెత్తగా జల్లించి తెల్లబరిచిన పిండి వల్ల ఆ లాభం రాదు. తైద అంబలిని రాత్రంతా పులియబెట్టి తాగితే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పప్పుదినుసులు రోజుకు 85 గ్రాములు. గుడ్డు, మాంసం తిన్న రోజు ఇందులో కొంత తగ్గించుకోవచ్చు. బబ్బెర్లు, ఉలవలు, అనుములు, పెసలు ఎనిమిది గంటలు నానబెట్టండి. గ్యాస్ పట్టేవాళ్ళు నానిన నీళ్ళు పారబోసినా ఫర్వాలేదు. ఉలవలు ఉడికిన నీళ్ళను మాత్రం చారు పెట్టుకోండి.

మెంతుల మీద జాతీయ పోషకాహార సంస్థ 1990లో ప్రచురించిన పరిశోధనలో చెడు కొలెస్ట్రాల్, రక్తంలోని ఇంకో రకం కొవ్వులైన ట్రైగ్లిసరైడ్లు తగ్గాయి. అయితే వాళ్ళు ఇచ్చింది నూనె తీసిన మెంతి పిండి, రోజుకు 100 గ్రాములు. రాత్రి చెంచాడు నానబెట్టుకుని పొద్దున మింగేవాళ్ళకు ఆ స్థాయి ఫలితం రాదు. రెండు చిన్న చెంచాలు, నానినవి నమిలి, ఆ నీళ్ళతో సహా తీసుకుంటే కొంత మేలు. షుగర్ గోలీలు వాడేవాళ్ళు షుగర్ మరీ పడిపోకుండా చూసుకోవాలి.

వెల్లుల్లిని దంచి పది నిమిషాలు వదిలేసి తర్వాత పోపులో వేయండి. వెల్లుల్లిలో మేలు చేసే అల్లిసిన్ తయారయ్యేది దంచాకే. దంచీ దంచగానే నూనెలో పడేస్తే ఆ పని చేసే ఎంజైమ్ చచ్చిపోతుంది. ఉల్లిగడ్డలో క్వెర్సెటిన్ అనే పాలీఫినాల్ పై పొరల్లో ఎక్కువ, ఎండు తొక్క ఒక్కటే తీయండి. నెదర్లాండ్స్‌లో జుట్ఫెన్ అనే ఊళ్ళో 805 మంది పెద్దవయసు మగవాళ్ళను ఐదేళ్ళు గమనించి 1993లో ప్రచురించిన అధ్యయనంలో ఉల్లి, టీ, ఆపిల్‌ల నుంచి ఇలాంటి పదార్థాలు ఎక్కువగా తీసుకున్నవాళ్ళలో గుండెజబ్బు చావులు తక్కువగా కనిపించాయి. వాళ్ళు తాగింది పాలూ చక్కెరా వేసి మరగకాచిన మన టీ కాదు.

టీ: మునుగోడు, మర్రిగూడ వైపు ఇంకాస్త జాగ్రత్త

టీలో కాటెకిన్లనే పాలీఫినాల్స్ ఉన్నాయి, నిజమే. కానీ అన్నంతో పాటు టీ తాగితే ఆకుకూరలోని, పప్పులోని ఇనుము ఒంటికి పట్టదు. తిండికి ముందూ తర్వాతా గంట ఎడం ఇవ్వండి. రక్తహీనత ఉన్న ఆడవాళ్ళు దీన్ని తప్పకుండా పాటించాలి.

నల్లగొండ జిల్లాలో ఇంకో సంగతి. తేయాకు నేలలోని ఫ్లోరైడ్‌ను పీల్చుకునే మొక్క. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోరు నీళ్ళతో రోజుకు నాలుగైదు కప్పుల డికాక్షనో గ్రీన్ టీయో పెట్టుకుంటే ఎముకలకు రెండు వైపుల నుంచి ఫ్లోరైడ్ చేరుతుంది. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. టీకి, వంటకు మిషన్ భగీరథ నీళ్ళే వాడండి. గ్రీన్ టీ సారం గోలీల జోలికి పోవద్దు, ఎక్కువ మోతాదులో అవి కాలేయాన్ని పాడుచేస్తాయి.

ఆడవాళ్ళకు, మగవాళ్ళకు తేడా ఎక్కడ

ముట్లు ఆగేదాకా ఈస్ట్రోజెన్ ఆడవాళ్ళ గుండెకు కొంత అండగా ఉంటుంది. ఆగాక ఎల్‌డీఎల్, బీపీ రెండూ పెరుగుతాయి. గర్భసంచి తీయించుకున్న మహిళలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేసి ఉంటే, అదీ 45 ఏళ్ళ లోపే అయితే, గుండె ముప్పు ముందుగానే మొదలవుతుంది. డిశ్చార్జి కాగితంలో ఏం తీశారో చూసుకోండి. కాన్పు సమయంలో బీపీ పెరిగినా, గుర్రపువాతం వచ్చినా, షుగర్ వచ్చినా అది కూడా తర్వాతి ముప్పుకు సూచనే. ఇలాంటివాళ్ళు ఏటా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి.

అవిసె, నువ్వుల లిగ్నాన్లు, సోయాలోని ఐసోఫ్లేవోన్లు ఈస్ట్రోజెన్‌ను పోలినవి, బలం మాత్రం చాలా తక్కువ. పేగుల్లోని బాక్టీరియా వాటిని మారిస్తేనే ఒంటికి పనికొస్తాయి. యాంటీబయాటిక్స్ వాడిన కొన్ని వారాలు ఈ పని మందగిస్తుంది. సోయా వల్ల ఎల్‌డీఎల్ 3 నుంచి 4 శాతం తగ్గుతుంది, అంతే. థైరాయిడ్ గోలీకీ సోయాకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స తీసుకున్నవాళ్ళు లిగ్నాన్, ఐసోఫ్లేవోన్ గోలీలు డాక్టర్‌ను అడగకుండా వేసుకోవద్దు.

సోయా తింటే మగతనం తగ్గుతుందనే భయం మగవాళ్ళకు అక్కర్లేదు. మామూలు తిండి మోతాదులో టెస్టోస్టిరాన్ మారదని పరిశోధనలు చూపించాయి. వాళ్ళ అసలు సమస్య వేరే ఉంది. బీడీ మానకుండా ఈ తిండి మీద ఆశ పెట్టుకోవడం దండగ. రెడ్ వైన్‌లో రెస్వెరాట్రాల్ ఉందని తాగడానికి సాకు చూపేవాళ్ళున్నారు. అందులో అది ఉన్నది మిల్లీగ్రాముల్లోనే, దానికోసం సీసా తెరవాల్సిన పని లేదు.

కలపకూడనివి

గుండె కవాటం మార్చుకున్నవాళ్ళు, చిన్నప్పటి కీళ్ళవాతం వల్ల కవాటం దెబ్బతిని రక్తం గడ్డకట్టనివ్వని ఎసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్ళు ఆకుకూర మానకూడదు, ఒకేసారి పెంచనూ కూడదు. అందులోని విటమిన్-కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. వారానికి ఎన్ని రోజులు, ఎంత తింటున్నారో అదే కొనసాగించండి. పెంచాలనుకుంటే డాక్టర్‌కు చెప్పి, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష ముందుకు జరిపించుకోండి.

టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వాడేవాళ్ళలో పొటాషియం పెరిగే అవకాశముంది. కిడ్నీలు కూడా బలహీనంగా ఉంటే పొటాషియం ఎక్కువుండే కొబ్బరినీళ్ళు, తక్కువ సోడియం ఉప్పు వాడొద్దు. రక్తాన్ని పలుచబరిచే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు వంటలో వెల్లుల్లి వేసుకోవచ్చు, వెల్లుల్లి గోలీలు వద్దు. పన్ను పీకించుకునే ముందు ఇలాంటివి ఏమేం వాడుతున్నారో చెప్పండి.

దగ్గుకు వాడే అతిమధురాన్ని వారాల తరబడి నమిలితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. అంగట్లో దొరికే దాల్చినచెక్కలో ఎక్కువ భాగం కాసియా రకం. రోజూ చెంచాలకొద్దీ పొడి తింటే అందులోని కౌమరిన్ కాలేయానికి హాని. తెల్లమద్ది బెరడు గుండెకు వాడే పాత మందే కానీ, గుండెపోటును ఆపుతుందని తేల్చిన పెద్ద పరిశోధన లేదు. గోలీలు మాని కషాయం పట్టుకోవద్దు. పచ్చగన్నేరు గింజలోని థెవెటిన్ కూడా మొక్కలో పుట్టిన పదార్థమే, అది గుండె లయను చెడగొట్టి ప్రాణం తీస్తుంది. ఎవరైనా ఏ ఆకు పసరైనా గుండెకు మంచిదని ఇస్తే మొక్క పేరు తెలియకుండా తాగకండి.

మూడు నెలలకు మళ్ళీ పరీక్ష

పన్నెండు వారాలు ఆగి, అదే ల్యాబ్‌లో, మొదటిసారి పరగడుపున ఇచ్చి ఉంటే ఇప్పుడూ పరగడుపునే లిపిడ్ ప్రొఫైల్ చేయించండి. ఎల్‌డీఎల్ 140 నుంచి 130కి దిగితే తిండి తన పని చేసినట్టే. ఏమీ దిగకపోతే ముందు నూనె డబ్బా, పచ్చడి జాడీ, బేకరీ బిస్కెట్ల లెక్క చూసుకోండి. అవీ సరిగ్గా ఉండి, 190 పైనే ఉంటే అది వంశపారంపర్యం కావచ్చు. అప్పుడు గోలీ తప్పదు, ఇంట్లో పిల్లలకూ పరీక్ష చేయించాలి. బీపీ తగ్గిందని గోలీ మీరే ఆపేయకండి, పుస్తకంలో రాసుకున్న రెండు వారాల కొలతలు డాక్టర్‌కు చూపిస్తే మోతాదు ఆయనే మారుస్తారు.

ఈలోగా ఛాతీలో బరువు, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు వస్తే వెల్లుల్లి నమిలించడం, సోడా తాగించడం చేయకుండా 108కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళలో ఇది ఆయాసంగా, దవడ నొప్పిగా, వీపు నొప్పిగా, వికారంగా, ఉన్నట్టుండి వచ్చిన నీరసంగా కూడా కనిపిస్తుంది. గ్యాస్ అనుకుని తెల్లారేదాకా ఆగకుండా ఈసీజీ తీయించండి.